చార్టులో లేవని కడ్డీ

హేమకు ఆ పూట మతి పోయింది. పోక ఏం చేస్తుంది? కంప్యూటరులో చార్టు గీస్తే ఆరు కడ్డీలు లేవాలి. అయిదే లేచాయి. చెరిపేసి మళ్ళీ గీయించింది, అయిదే. మిషను ఆపి మళ్ళీ పెట్టింది, టీ తాగి వచ్చింది, తెలిసిన దేవుళ్ళందరినీ ఒకసారి తలుచుకుంది. అప్పుడూ అయిదే. మొదటి కడ్డీ ఉండవలసిన చోట తెల్లగా ఖాళీ, ముందుపన్ను ఊడిన నోరులాగా.

సంగతి మొదటి నుంచీ చెప్పుకోవాలి, లేకపోతే హేమకు పట్టిన అయోమయం మనకూ పడుతుంది. రెండు వేల ఆరో ఏడో, ఆ రోజుల మాట. అనంతపురంలో సుభాష్ రోడ్డు పక్క సందులో, పురుగుమందుల అంగడి మీది మేడలో చిన్న ఆఫీసు ఒకటి ఉండేది. ఎంత కడిగినా ఆ మెట్లకు మందు వాసన పోయేది కాదు. ఎక్కి వచ్చే మనిషికి ముందు తుమ్ము, తర్వాతే నమస్కారం. బెంగుళూరు కంపెనీ ఒకటి, ఇక్కడైతే చదువుకున్న పిల్లలు చవగ్గా దొరుకుతారని దాన్ని తెరిచింది. అక్కడ సాఫ్టువేరు రాయరు. బెంగుళూరులో రాసినదాన్ని పరీక్ష చేసి, ఎక్కడ తప్పుతోందో చెప్తారు, అంతే.

ఆ ఏడు వచ్చిన సాఫ్టువేరు వేరుసెనగ రైతుల వాన బీమాది. ఏ మండలంలో ఏ రోజు ఎంత వాన పడిందో దానికి చెప్పాలి. విత్తనం వేసే కాలంలో వాన చాలకపోతే, ఆ మండలం రైతుకు పరిహారం ఎంత రావాలో అది లెక్క కట్టి చూపించాలి. నిజం వానతో పరీక్ష చేద్దామంటే అనంతపురంలో అయ్యే పనేనా? అందుకని ఆఫీసులో పిల్లలు కూర్చుని ఉత్తుత్తి వానలు కొట్టేవాళ్ళు. ఫలానా మండలం, ఫలానా తారీఖు, ఇన్ని మిల్లీమీటర్లు. సాఫ్టువేరు చెప్పిన పరిహారం సరిపోతే పాసు, సరిపోకపోతే ఫెయిలు. చేసిన ప్రతి పరీక్షా డేటాబేసులో ఒక వరసగా పడి ఉండేది.

ఆ వరసల్లోంచి చార్టు తీయడం హేమ పని. మామూలుగా వచ్చే రిపోర్టులో ఎన్ని పాసు, ఎన్ని ఫెయిలు అని గుండ్రటి బొమ్మ ఒకటి ఉంటుంది. అది బెంగుళూరు వాళ్ళకు ఆనలేదు. వాన లేనప్పుడు ఎన్ని పరీక్షలు చేశారు, కొంచెం పడినప్పుడు ఎన్ని, ఒక మోస్తరుగా పడినప్పుడు ఎన్ని, కుండపోతకు ఎన్ని, ఇట్లా వాన కొలతను బట్టి ఆరు కడ్డీలు విడివిడిగా కావాలన్నారు. పాసైన మేరకు పచ్చరంగు, ఫెయిలైన మేరకు ఎర్రరంగు. దానికి డేటాబేసును తగిన ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్ననే క్వెరీ అంటారు. తిన్నగా అడిగితే తిన్నని జవాబు, వంకరగా అడిగితే వంకర జవాబు. మొహమాటం ఎరగని సరుకు అది. ఎం.సి.ఏ.లో చదివింది కొంత, పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నది కొంత కలిపి హేమ ఆ క్వెరీ రాసింది.

ఇందులో ఆమెకు పోయేదేమిటంటే ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు. బెంగుళూరులో ఉండే మేనేజరు ప్రవీణ్ ఫోనులో ఖచ్చితంగా చెప్పేశాడు. శుక్రవారం బీమా వాళ్ళ ముందు ఆ చార్టు పెడతాడు. అది సవ్యంగా ఉంటే రిపోర్టుల పని అనంతపురంలోనే, హేమ దగ్గరే ఉంటుంది. లేకపోతే ఆ పని బెంగుళూరుకు పోతుంది, హేమ ఇంటికి పోతుంది. ఇల్లంటే విడపనకల్లు దగ్గర పల్లె. అక్కడ వాళ్ళ నాయన ఎర్రన్న మెట్టసేద్యం చేస్తాడు, చెనక్కాయ వేస్తాడు. కూతురు పనిచేసే చోటిదని నమ్మి ఆ ఏడు ఈ బీమాలో చేరిన రైతుల్లో ఆయన కూడా ఒకడు. చదువు అయిపోయాక హేమ ఊళ్ళో కాన్వెంటు పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ ఎంతో కాలం గడిపింది. మళ్ళీ ఆ ఎక్కాల దగ్గరికి పోవడం కంటే ఏ బావిలోనైనా దూకడం నయమని ఆమె మనసులో తీర్మానం. బావుల్లో నీళ్ళు లేవు కాబట్టి ఆ దారీ లేదు.

ముందు ఆమె తన క్వెరీనే అనుమానించింది. కొత్తకోడలు పప్పులో ఉప్పెక్కువైతే ముందు తన చేతినే అనుమానించుకున్నట్టు. వరసలు లేని గుంపును డేటాబేసు లెక్కలోకి తీసుకోదు, పేరు కూడా ఎత్తదు అని ఎక్కడో చదివిన గుర్తు. సరే, ఉన్నా లేకపోయినా ఆరు పేర్లూ చూపించి తీరాలని క్వెరీని మార్చింది. ఈసారి 'వాన లేదు' అన్న పేరు కింద వచ్చింది. పైన కడ్డీ మాత్రం లేవలేదు.

దాంతో ఆమెకు ఇంకా తికమకైంది. కరువు బీమాకు కరువు పరీక్షే లేకపోవడమేమిటి? ఎవరిని అడిగినా ముందు చేసేది అదే కదా. ఉండే ఉంటుంది, నాకే కనబడటం లేదు అనుకుంది. వెతగ్గా వెతగ్గా కొన్ని వరసల్లో వాన గడి ఉత్త ఖాళీగా కనిపించింది. అమ్మయ్య, దొంగ దొరికాడనుకుని, ఖాళీ ఉన్న ప్రతిచోటా సున్నా అని లెక్కపెట్టమని క్వెరీలో రాసింది. అంతే, మొదటి కడ్డీ తాటిచెట్టంత లేచి నిలబడింది.

టీము లీడరు చంద్రమోహన్ ధర్మవరంలో మగ్గాలున్న ఇంట్లో పుట్టినవాడు. పట్టుచీర అంచుకూ కొంగుకూ రంగు కుదిరిందా లేదా అని చిన్నప్పటి నుంచీ చూసిన కన్ను, చార్టును కూడా అట్లాగే చూసేది. ఆరు కడ్డీలు వరసగా నిలబడేసరికి మురిసిపోయాడు. ఆ పచ్చ ఇంకొంచెం ముదురుగా ఉంటే బాగుండునన్నాడు. అంతకు మించి ఒక్క ప్రశ్న అడగలేదు. చార్టు బెంగుళూరుకు పోయింది, వెంటనే అక్కడి నుంచి ఫోను వచ్చింది. మొత్తం చేసిన పరీక్షల కంటే కడ్డీల్లో ఉన్న పరీక్షలు ఎక్కువగా ఉన్నాయి, ఇదెక్కడి లెక్కండీ అని ప్రవీణ్ అడిగాడు. కోస్తావాడు, మర్యాద ఎక్కువ. ఆ మర్యాదతోనే మనిషిని నిలువునా పాతేస్తాడు.

తీరా చూస్తే ఆ ఖాళీ వరసలు ఇంకా చేయని పరీక్షలు. ఎప్పుడో చేద్దామని పేరు మాత్రం రాసి వదిలేసినవి. వాటన్నిటినీ వాన లేని పరీక్షలని హేమ చార్టుకెక్కించింది. సిగ్గుతో ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకొకసారి ఇట్లా అయితే ఈ పని మేమే చూసుకుంటామండీ అని నెమ్మదిగా చెప్పి ప్రవీణ్ ఫోను పెట్టేశాడు. హేమ క్వెరీని మళ్ళీ పాతదారికి తెచ్చింది. మొదటి కడ్డీ మళ్ళీ మాయమైంది.

ఇక లాభం లేదని చార్టునూ క్వెరీనీ పక్కకు నెట్టి, డేటాబేసులో వరసల్ని కళ్ళతో చదవడానికి కూర్చుంది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. యు.పి.ఎస్. కీచుమంటూ ఏడుస్తోంది. ఆ మధ్యలో ఊరి నుంచి ఎర్రన్న ఫోను చేశాడు. మృగశిర వచ్చి పోతున్న రోజులు. విత్తనం కాయలు ఒలిపించుకుని కూర్చున్నాడాయన. వాన పడిందా నాయనా అని హేమ అడిగితే, వస్తాది పాపా, బళ్ళారి పక్క కమ్ముకుంటాంది అన్నాడు. నిన్నా ఆ మాటే అన్నాడు, మొన్నా ఆ మాటే. ఆయన నోట వాన లేదన్న మాట హేమ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. పెద్ద కరువు ఏట కూడా రాలేదు అనేవాడు కాదు, వస్తాది అనేవాడు. ఫోను పెట్టేసి ఆమె మళ్ళీ వరసల్లో పడింది.

చదివేకొద్దీ ఇదేం లోకమో ఆమెకు అంతుపట్టలేదు. మృగశిర కార్తె రావడంతోనే మంచి పదునువాన. గింజ మొలిచి, కలుపు తీసుకునేందుకు వ్యవధి ఇచ్చి, మళ్ళీ ఒక వాన. ఊడలు దిగేవేళకు తడి, కాయ ఊరేవేళకు తడి, చెట్టు పీకేవేళకు పొడి. విడపనకల్లులో అట్లాగే, కణేకల్లో అట్లాగే, సోమందేపల్లెలో అట్లాగే. అట్లాంటి వానాకాలాన్ని ఆ జిల్లా ఆమె ఎరుకలో చూసిన పాపాన పోలేదు. 'వాన లేని పరిస్థితి' అని బెంగుళూరు నుంచి వచ్చిన పరీక్షల కాగితంలో అచ్చులో ఉంది. దానికెదురుగా డేటాబేసులో చూస్తే ఒక మిల్లీమీటరు. ఇంకొకచోట రెండు. వాన పడని తారీఖుల ఊసే ఎవరూ ఎత్తలేదు, సున్నా అన్నది ఎక్కడా లేదు. వీళ్ళ కీబోర్డుల్లో సున్నా పాడైపోయిందేమోనని కూడా ఆమెకు అనుమానం వచ్చింది. పిచ్చి అనుమానమే, కానీ ఎటూ పాలుపోనివాళ్ళకు ఏ అనుమానమైనా ముద్దొస్తుంది. లేచి పోయి, పక్క సీటులో ఉన్న రాఘవేంద్ర కీబోర్డు మీద సున్నా నొక్కి చూసింది. చక్కగా పడింది.

రాఘవేంద్ర కణేకల్ వాడు. రోజంతా నోరు మూయకుండా మాట్లాడే మనిషి. వాన లేని పరీక్షకు ఒక మిల్లీమీటరు ఎందుకు కొట్టావని హేమ అడిగేసరికి నీళ్ళు నమిలాడు. ఒక మిల్లీమీటరంటే లేనట్టే కదా, అది పడినట్టు నేలకు కూడా తెలియదు అన్నాడు. అదీ నిజమే. మరి తిన్నగా సున్నా కొట్టడానికి ఏం రోగమంటే, ఫ్యాను వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, టీ తాగొస్తానని లేచి పోయాడు.

అందరిలోకీ చిన్నది సుష్మ. సోమందేపల్లె పిల్ల, దాపరికం తెలియదు. హేమ ఆమె ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది జూన్ నెల కదక్కా" అంది సుష్మ. "మా నాయన ఇత్తనానికి అంతా సిద్ధం చేసుకోని కూచున్నాడు. ఇట్లాంటప్పుడు మా మండలం పేరు పక్కన సున్నా ఎట్ల కొడతా? చెయ్యి రాలేదు."

హేమకు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. ఇది కంప్యూటరులో వాన, ఉత్తుత్తి వాన, నువ్వు సున్నా కొడితే మీ ఊరి మీదికి వచ్చే మబ్బు వెనక్కి తిరిగి పోతుందా, మీరు చదువుకున్న చదువు ఏ గంగలో కలిసింది అని కేకలేసింది. మిగతా మండలాలకైనా కొట్టి ఉండవచ్చు కదా అంటే, వాళ్ళకు మాత్రం నాయనలు లేరా అక్కా అని సుష్మ మెల్లగా అడిగింది. హేమ విసవిసా తన సీటుకు వచ్చేసింది.

ఎవరెవరు ఎట్లా కొట్టారో తేల్చి చంద్రమోహన్ ముందు పెడదామని, కొట్టినవాళ్ళ పేర్లను బట్టి వరసల్ని విడదీసే క్వెరీ ఇంకొకటి రాసింది. మొట్టమొదట వచ్చిన పేరు తనదే. రిపోర్టుల పని చేతికి రాకముందు ఆమె కూడా అందరితోపాటు వానలు కొట్టినదే కదా. విడపనకల్లు మండలం. జూన్, జూలై. ఒక్క సున్నా లేదు. పైగా ఆఫీసులో ఎవరూ ఎవరి మండలం మీదా కొట్టనంత వాన తన మండలం మీద కురిపించుకుంది ఆ మహాతల్లి! అట్లా కొట్టినట్టు ఆమెకు గుర్తు కూడా లేదు. ఆలోచించి చేసిన పని అయితే కదా గుర్తుండటానికి. చెయ్యి దానంతట అదే సున్నాను తప్పించుకుని పక్కనుంచి పోయింది. హేమ అట్లాగే తెర వైపు చూస్తూ కూర్చుండిపోయింది. క్వెరీలో తప్పు లేదు, చార్టులో తప్పు లేదు. వాన లేనప్పుడు ఈ సాఫ్టువేరు ఏం చేస్తుందో ఇంతమందిలో ఒక్కరూ అడగలేదు. చార్టు ఆ సంగతే పొద్దుటి నుంచీ చెబుతోంది.

ఈ కథ విని చంద్రమోహన్ ముందు నమ్మలేదు, తర్వాత నమ్మాడు, ఆ తర్వాత నమ్మనట్టు నటించాడు. శుక్రవారం అంటే రేపే. ఉన్న అయిదు కడ్డీలూ పచ్చగా చూడముచ్చటగా ఉన్నాయి, ఆ ఖాళీ పేరు ఒక్కటి తీసేస్తే ఎవరికీ అనుమానం రాదు అన్నాడు. ఒక మిల్లీమీటరుకు సరిగ్గా లెక్క కట్టిన సాఫ్టువేరు సున్నాకు కట్టలేదా, సున్నా కూడా ఒక అంకెనే కదా అని నచ్చజెప్పాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి హేమకు ఏమీ దొరకలేదు. అందువల్ల ఇంకా గందరగోళంలో పడింది. పేరు తీసేస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఉంచితే, ఇన్నాళ్ళూ మీరు చేసిందేమిటని అందరినీ అడుగుతారు, ముందుగా ఆమెనే అడుగుతారు. తీసేద్దామని మౌసు మీద చెయ్యి కూడా వేసింది. కానీ వాన పడనప్పుడే కదా దీనితో పని అన్న మాట ఆమెను పీకుతూనే ఉంది. ఒక్కసారి కొట్టి చూస్తా, అన్నా, పాసైతే పచ్చకడ్డీ పెట్టేద్దాం అంది. చంద్రమోహన్ సరే అనక తప్పలేదు.

అయితే ఏ మండలానికి? అక్కడ వచ్చింది చిక్కు. ఊరూ పేరూ లేని మండలం దేనికైనా వేద్దామంటే సాఫ్టువేరు ఒప్పుకోదు, దానికి ఈ జిల్లా మండలాలు తప్ప తెలియవు. టీ తాగి వచ్చిన రాఘవేంద్ర, మాకు కాలవ ఉంది కాబట్టి కణేకల్ కు వేసుకోండి అని మహాదాతలాగా చెప్పాడు. అంతలోనే మొహం మాడ్చుకుని, కాలవలోకి నీళ్ళొచ్చేది కూడా ఎక్కడో వాన పడితేనే కదా, అయినా మా చేను కాలవ కింద లేదు అని గొణిగాడు. పోనీ ధర్మవరం అని సుష్మ అనబోతే చంద్రమోహన్ గబుక్కున అడ్డం పడ్డాడు. వాన లేకపోతే చెనక్కాయలు లేవు, చెనక్కాయలు లేకపోతే పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేకపోతే పట్టుచీర కొనేదెవరని ఆయన బాధ. సున్నా కూడా ఒక అంకెనే అని అప్పుడే వాదించిన మనిషి!

హేమ ఇక ఎవరినీ అడగలేదు. ఇంకొకరి ఊరికి సున్నా వేయడానికి తనకేం హక్కు ఉంది? విడపనకల్లు తీసుకుంది. జూన్ ఒకటో తారీఖు గడిలో కర్సరు టిక్కుటిక్కుమంటోంది. ఇట్లాంటి నమ్మకాలు తనకు లేవు. ఇందాక సుష్మను తిట్టిన నోరు ఇదే. కానీ వేలు కిందికి దిగదు. ఊళ్ళో ఒలిచి పెట్టుకున్న విత్తనాల గంపలు కళ్ళముందు ఆడాయి. ఛీ, ఏమిటిది అని తనను తానే కసురుకుని, కళ్ళు మూసుకుని కొట్టింది. ఒకటి పడ్డాక, ఆగితే మళ్ళీ చెయ్యి రాదని జూలై ఆఖరు దాకా దడదడా కొట్టుకుంటూ పోయింది. తర్వాత పరిహారం లెక్కించమని బటను నొక్కింది.

తెర మీద రెండు ముక్కలు వచ్చాయి. వర్షపాతం వివరాలు నమోదు కాలేదు. పరిహారం వర్తించదు.

చదివింది, అర్థం కాలేదు. ఇన్ని సున్నాలు కొట్టాను కదా, నమోదు కాకపోవడమేమిటి అని మళ్ళీ నొక్కింది. అదే మాట. అప్పుడు వెలిగింది. ఖాళీని సున్నా అనుకుని పొద్దున ఆమె చార్టు పాడుచేసింది. ఈ సాఫ్టువేరు రాసిన మహానుభావుడు సున్నాను ఖాళీ అనుకున్నాడు. చుక్క వాన పడలేదని చెబితే, ఎవరో వివరాలు కొట్టడం మర్చిపోయారని దానికి అర్థమవుతోంది. ఒక మిల్లీమీటరు పడిన ఊరికి పరిహారం ఇస్తుంది. ఏమీ పడని ఊరికి ఏమీ ఇవ్వదు. ఈ సంగతి మొదట బయటపడింది నాయన మండలానికే.

ఆమె భుజం మీది నుంచి చూస్తున్న సుష్మ పోయి తన సీటులో కూర్చుని, రెండు చెంపలూ వేసుకుని, సోమందేపల్లెకు సున్నాలు కొట్టింది. ఫెయిలు. రాఘవేంద్ర కణేకల్ కు కొట్టాడు. ఫెయిలు. చంద్రమోహన్ కాసేపు అటూ ఇటూ తిరిగి, నాది నేనే కొట్టుకుంటా లేయప్పా అని రాఘవేంద్రను లేపి, ధర్మవరం పని కూడా ముగించాడు. ఆ తర్వాత వరసగా మిగతా మండలాలు. పొద్దు వాలేసరికి హేమ మళ్ళీ తన క్వెరీ నడిపింది. మొదటి కడ్డీ లేచింది. అడుగు నుంచి కొస దాకా ఎర్రగా, మచ్చుకు కూడా పచ్చ లేకుండా లేచింది. పొద్దుటి నుంచీ దేనికోసం ప్రాణం కొట్టుకుందో అది కళ్ళెదుట ఉంది. సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

చార్టు చూసి ప్రవీణ్ వెంటనే ఫోను చేశాడు. హేమ జరిగినదంతా దాచకుండా చెప్పింది, సున్నా కొట్టకపోవడానికి కారణంతో సహా. రేపు బీమా వాళ్ళు వస్తుంటే ఇప్పుడా ఈ ఎర్రకడ్డీ అని ఆయన విసుక్కున్నాడు.

"అసలు రెండు నెలలపాటు ఒక్క చుక్క కూడా పడకుండా ఎక్కడైనా ఉంటుందా అండీ?" అన్నాడు. "జరగనిదాని కోసం రిలీజు ఆపమంటారా?"

చంద్రమోహన్ కళ్ళతోనే వద్దు వద్దు అంటున్నాడు. ఉద్యోగం పోతే పోయిందనుకుంది హేమ.

"మా ఊర్లో ఉంటాది సార్. నేను చూసినా. నోటితో అనలేక, చేత్తో రాయలేక ఇన్నాళ్ళూ కొట్టలేదు, ఆ తప్పు మాదే. వాన పడినప్పుడు మీ బీమాతో మాకేం పనుండాది సార్?"

ప్రవీణ్ చార్టును ఉన్నదున్నట్టే ఉంచమని చెప్పి ఫోను పెట్టేశాడు.

శుక్రవారం ఏం జరిగిందో అనంతపురం వాళ్ళకు తర్వాత తెలిసింది. బీమా వాళ్ళు పచ్చకడ్డీల వైపు కన్నెత్తి చూడలేదట. ఎర్రదాని దగ్గరే ఆగి, ఇది మీకెట్లా దొరికిందని అడిగారట. రిలీజు ఆగింది, బెంగుళూరులో రాసినవాళ్ళకు అక్షింతలు పడ్డాయి, ఇక్కడివాళ్ళకూ పడ్డాయి. బాగుచేసి పంపుతామని, మళ్ళీ అవే సున్నాలతో పరీక్ష చేసి, ఆ కడ్డీ ఎర్ర నుంచి పచ్చకు తిరిగేదాకా రోజూ చార్టు పంపమని ఉత్తర్వు వచ్చింది. రిపోర్టుల పని హేమదేనని, ఆమెను పర్మనెంటు చేశామని కూడా అందులోనే ఉంది. రాఘవేంద్ర ఆఫీసంతటికీ జిలేబీ తెచ్చి పంచాడు.

ఆ ఆదివారం హేమ ఊరికి పోయింది. వాన ఇంకా రాలేదు. గాలి మాత్రం పంచెలు ఎగరగొట్టేటట్టు వీస్తోంది. ఎర్రన్న పంచలో కూర్చుని, విత్తనాల్లో పుచ్చులు ఏరుతున్నాడు. ఉద్యోగం ఖాయమైందని చెబితే ఆయన మొహం చేటంతైంది. ఏం పని చేసినందుకు ఖాయం చేశారని అడిగాడు. హేమ కూడా పక్కన కూర్చుని పుచ్చులు ఏరుతూ, చార్టు సంగతీ, కొట్టని సున్నాల సంగతీ, అందరికంటే ముందు తానే ధైర్యం చేసి కొట్టిన సంగతీ నవ్వుతూ చెప్పింది. ఆయన కూడా నవ్వుతాడనుకుంది. ఎర్రన్న చెయ్యి ఆగిపోయింది.

"మన మండలానికే కొట్టినావా?"

"ఊ. కొట్టబట్టే కదా నాయనా తప్పు బయటపడింది. లేకుంటే నీకు కూడా రూపాయి వచ్చేది కాదు."

ఆయన ఆ రూపాయి మాట విన్నట్టు లేదు.

"సరే, కొట్టినావు. పని అయినాక తుడిచేసినావు కదా పాపా?"

ఎగతాళికి అడుగుతున్నాడేమోనని హేమ మొహం చూసింది. కాదు. తుడిచేస్తే ఆ కడ్డీ ఉండదు. రేపు సోమవారం పోయి మళ్ళీ ఆ సున్నాలతోనే పరీక్ష చేయాలి, ఎల్లుండీ చేయాలి, బాగుపడేదాకా చేయాలి. విడపనకల్లు, జూన్, సున్నా. ఆ వరస డేటాబేసులో అట్లాగే ఉంది, ఉంటుంది, ఆమె ఉద్యోగం దాని మీదనే నిలబడి ఉంది. ఇది ఆయనకు ఏ మాటల్లో చెప్పాలో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు.

"తుడిచేసినా నాయనా" అంది.

ఎర్రన్న గుండెల మీది బరువు దిగినట్టు ఊపిరి వదిలి, ఆకలైతాంది అన్నం పెట్టు అని లోపల ఉన్న భార్యకు కేకేశాడు. ఆ పూట ఆయన ఇష్టంగా తిన్నాడు. హేమకు ముద్ద దిగలేదు.